ఎర్రపెట్టెలో పటం

హాజీ తుగిమన్‌ని ఆయన కొలిచిన నీళ్ళలోనే ముంచి చంపారు.

తాంజుంగ్ కెమిరి రేవులోని కెమికల్ డిపోలో మంటలార్పడానికి నింపి ఉంచే తొట్టి అది. లోతు నాలుగు మీటర్లని ఫైర్ బ్రిగేడ్ పటం మీద రాసింది ఆయనే. ముప్పయ్యేళ్ళుగా ఆ రేవులో ప్రతి గోడౌనూ తిరిగి, నీళ్ళిచ్చే హైడ్రెంట్ ఎక్కడుంది, గ్యాస్ కట్టేసే వాల్వ్ ఎక్కడుంది, ఏ తలుపు బయటికి తెరుచుకుంటుంది అని గీసిన మనిషి. శవం జేబులో కొలత టేపు, సగం చెక్కిన పెన్సిలు దొరికాయి. కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. మెడ మీది వేళ్ళ గుర్తుల సంగతి మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మర్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ డాటో కమరుల్ తన గదికి ఏజెంట్ రెజ్లాన్‌ని పిలిపించాడు. కూర్చోమనలేదు.

"బ్రాంట్ దిగాడు. విదేశీ ముఠా మనిషి. వాళ్ళ దేశపు సైన్యంలో ఇరవయ్యేళ్ళు మ్యాపులు గీశాడు. మన రేవు మూతపడితే వాడి యజమానుల రేవుకి పండగ. డిపోలో ఏడో షెడ్డులో ఏముందో తెలుసా?"

"కార్బైడ్. పళ్ళు మగ్గబెట్టేది."

"నూట ఎనభై టన్నులు. నీళ్ళు తగిలితే గ్యాస్. దానికి నిప్పు తగిలితే రేవే ఉండదు. నిప్పు వాడు పెడతాడు. నీళ్ళు..."

"మన ఫైర్ వాళ్ళే కొడతారు," అన్నాడు రెజ్లాన్. "పటం మారిస్తే చాలు."

"బుర్ర ఉంది నీకు. తుగిమన్ స్థానంలో నువ్వెళ్ళు. గేటు దగ్గర ఎర్రపెట్టెలో పటం ఉంటుంది. చూడు. ముట్టుకోకు. నాకు చెప్పు. అక్కడి సేఫ్టీ మేనేజర్ లియు సూక్ యిన్ ఆ ముఠాలో ఉన్న మన మనిషి."

చేతికి ఓ కొలత చక్రం ఇచ్చారు. తోసుకుంటూ పోతే మీటర్లు లెక్కపెడుతుంది. ఇరుసులో కెమెరా.

వారం రోజులు ఫైర్ స్టేషన్‌లో పని నేర్చుకున్నాడు. నేర్పింది గుమాస్తా జైతన్ అక్క. మొదటి రోజే నెత్తిమీద ఒక్కటిచ్చింది.

"ఉత్తరం పైన పెట్టావేంట్రా తమ్ముడూ! నువ్వేమన్నా బళ్ళో పాఠం చెప్తున్నావా? గేటు ఎప్పుడూ కాగితం అడుగున ఉండాలి. బండి దిగినవాడికి ఎదురుగా కనపడేదే పటంలో పైన. మంట ముందు నిలబడి దిక్సూచి చూసుకుంటాడా వాడు?"

శుక్రవారం మధ్యాహ్నం డిపోకి వెళ్ళాడు. మగాళ్ళంతా నమాజుకి పోయారు. స్టేషన్‌లో ఈ డిపో తెలిసినవాళ్ళూ మసీదులోనే. శుక్రవారాల్లో ఆ రెండు గంటలూ పక్క ఊరి నుంచి వేరే బృందం వచ్చి కూర్చుంటుంది. ఇక్కడి సందులు వాళ్ళకి తెలియవు. కాగితం ఏం చెబితే అది చేస్తారు. బ్రాంట్‌కి కావాల్సిందీ అదే.

సూక్ యిన్ ఎదురొచ్చింది. తెల్ల హెల్మెట్, ఎర్ర లిప్‌స్టిక్.

"లోపలికి దురియన్ పండు తేవచ్చా మేడమ్?" కోడ్ చెప్పాడు.

"వాసన రాకపోతే తేవచ్చు." నవ్వింది. "పాపం, ఆ ముసలాయనకి ఈత రాదు. నీకొచ్చా?"

రెజ్లాన్ చక్రం తోసుకుంటూ గేటు వైపు తిరిగాడు. ఆమె ఆఫీసువైపు వెళ్ళగానే ఎర్రపెట్టె తెరిచాడు. పటం మీద బ్రిగేడ్ సీలు సరిగ్గానే ఉంది. తుగిమన్ సంతకమూ ఉంది. ఏడో షెడ్డుకి నీలం రంగు, అంటే నీళ్ళు కొట్టొచ్చు. బాణం గుర్తు నిటారుగా పైకి, ఉత్తరం. గేటు కాగితానికి కుడివైపున. తూర్పున ఉన్న గేటుని తూర్పునే గీశాడు, సైన్యంలో పటాలు గీసినవాడు.

వీపుకి పిస్తోలు తగిలింది.

"ఎలా పట్టావ్?" అంది సూక్ యిన్.

"ఉత్తరం పైన లేకపోతే మీ బ్రాంట్‌కి అన్నం అరగదు."

"చెప్తాన్లే. నీ జ్ఞాపకంగా."

రెజ్లాన్ చక్రాన్ని వెనక్కి విసరడం, పిస్తోలు పేలడం ఒక్కసారే జరిగాయి. గుండు తొడలో దిగింది. అతను పడ్డాడు. ఆమె అతని ఫోను కాలితో నలగ్గొట్టి, పటం ఉన్న పెట్టె మూసేసి, కాలువలో ఉన్న బోటు వైపు పరుగెత్తింది. అప్పటికే ఏడో షెడ్డు గోడకి ఆనించిన చెక్కలు అంటుకున్నాయి.

సైరన్ మోగించుకుంటూ ఫైరింజన్ వచ్చింది. ఆరుగురు. ఆఫీసర్ లెచ్చుమనన్ దిగి, పెట్టెలోంచి పటం లాక్కుని, మళ్ళీ ఎక్కేశాడు. కాపలా గుడిసె వెనక పడి అరుస్తున్న రెజ్లాన్ గొంతు సైరన్లో కలిసిపోయింది.

చక్రమే ఊతకర్ర అయింది. ఒంటికాలి మీద ఈడ్చుకుంటూ పోయాడు. నూట నలభై రెండు మీటర్లు. చక్రం ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టింది.

వెళ్ళేసరికి గొట్టం పరిచేశారు. పంపు వేశారు. గొట్టం పాములా ఉబ్బుకుంటూ ముందుకి వస్తోంది.

"ఆపండి! లోపల కార్బైడ్!"

"ఎవడ్రా వీడు?" లెచ్చుమనన్ కసిరాడు. "పటంలో నీళ్ళే రాసుంది. తప్పుకో!"

"పటంలో గేటెక్కడుందో చూడు!"

లెచ్చుమనన్ కాగితం చూశాడు. ఇందాక బండిలో దాన్ని అడ్డంగా తిప్పి, మెడ వంచి చదివాడు. గీసినవాణ్ణి తిట్టుకున్నాడు కూడా. గిరుక్కున బండి వైపు తిరిగాడు.

"పంపు కట్టెయ్ రా! గొట్టం మడిచెయ్!"

ముందున్న కుర్రాడు ఉబ్బిన గొట్టాన్ని మోకాలి కింద వేసి మెలితిప్పాడు. రెండే రెండు చుక్కలు రాలాయి. తలుపు సందులో ఒలికిన పొడి వాటికే బుసకొట్టింది. ఆరుగురూ ఇసుక బకెట్లకి పరుగెత్తారు. ఆ తర్వాత గంటసేపు ఇసుకే పోశారు. ఆ కుర్రాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

ఆసుపత్రికి పోతూ అంబులెన్సుని కాలువ అవతలి జెట్టీ దగ్గర ఆపించాడు రెజ్లాన్. బోటులో సూక్ యిన్ పడి ఉంది. లిప్‌స్టిక్ చెదరలేదు, నుదుట చిల్లు. పని చెడగొట్టినందుకు బ్రాంట్ ఇచ్చిన వీడ్కోలు. బేడీలతో బ్రాంట్, చుట్టూ ఎనిమిది మంది రెజ్లాన్ సొంత సర్వీసు వాళ్ళు. నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు విప్పుకుని తింటున్నారు.

"ఎప్పుడొచ్చార్రా?"

"పొద్దున ఏడింటికి అన్నా. ఇక్కడిదాకా పేలుడు రాదని డాటో లెక్కేసి మరీ కూర్చోబెట్టారు. పేలాకే పట్టుకోమన్నారు, ఈవిణ్ణి కాల్చాడు కాబట్టి ముందే పట్టేశాం. ఉత్త పటం మార్చినందుకు కేసేం నిలబడుతుంది?"

"మరి ఫైర్ వాళ్ళు?"

వాడు వేళ్ళు నాక్కున్నాడు. "వాళ్ళ పెళ్ళాలకి పెన్షన్ వస్తుందిగా అన్నా."

నెల తర్వాత డాటో మళ్ళీ పిలిచాడు. "ముట్టుకోవద్దన్నాను."

"ముట్టుకోలేదు సార్. చదివానంతే."

రెజ్లాన్‌కి శిక్షగా ఫైర్ బ్రిగేడ్‌కి శాశ్వత బదిలీ, తుగిమన్ కుర్చీలోకి. మొదటి పని సీక్రెట్ సర్వీస్ హెడ్డాఫీసు పటం. కుంటికాలితో చక్రం తోసుకుంటూ నాలుగు రోజులు కొలిచాడు. మెట్లు, వాల్వులు, హైడ్రెంట్లు, బయటికి దారులు, ఏదీ వదల్లేదు. గేటు అడుగునే గీశాడు.

డాటో చూడకుండానే సంతకం పెట్టాడు. మూడో అంతస్తు చివర ఆయన గది ఉన్నచోట, పటంలో ఉత్త గోడ ఉంది.