పసుపు పూల మూత

నాజియా శవపేటిక మంగళవారం నరసరావుపేట చేరింది. బుధవారం ఖననం చేశారు. గురువారం పొద్దున్నే ఆమె తల్లి షాహిదా పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

"నా బిడ్డని రూమ్‌మేట్ బిందు చంపింది. కేసు రాయండి మేడం."

ఎస్సై ఝాన్సీలక్ష్మి పెన్ను పక్కన పెట్టి విన్నది. ఇంగ్లండ్‌లో స్టూడెంట్ హౌసింగ్. ఇద్దరమ్మాయిలకీ కలిపి ఒకే గది. పొయ్యి, మంచాలు, అన్నీ అందులోనే. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన నాజియా మధ్యాహ్నం వంట చేసుకొని, హీటర్ వేసుకొని పడుకుంది. దుప్పటి అంటుకుంది. పొగ అలారం మోగలేదు. ఆ పొగ పీల్చి నిద్రలోనే పోయింది.

"ఎందుకు మోగలేదు?"

"బిందు దానికి పాలిథిన్ కవరు కట్టిందంట. నా ముందరే ఒప్పుకుంది."

శవపేటిక వెంట వచ్చి సొంతూరు నూజెండ్లలో ఉన్న బిందుని పిలిపిస్తే, తనూ అదే మాట చెప్పింది.

"ఎందుకు కట్టావు?"

"తాలింపులో ఎండుమిరపకాయ పడితే చాలు మేడం, మోగిద్ది. బిల్డింగంతా చలిలో రోడ్డు మీదికి రావాల. ఇంకోసారి మోగితే ఖాళీ చేయమన్నారు."

"ఎప్పుడు కట్టావు?"

"పొద్దున. కాలేజీకి పోయేముందు."

"ఏ కవరు?"

"నల్లది. చెత్త కవరు."

జవాబులు టకటకా వచ్చాయి. అప్పజెప్పినట్టు వచ్చాయి. కేసు రాస్తే పాస్‌పోర్టు తమ దగ్గరే ఉండిపోతుందనీ, చదువు అక్కడితో సరనీ ఝాన్సీ హెచ్చరించింది. బిందు తల దించుకుందే గానీ మాట మార్చలేదు.

మర్నాడు ఇంగ్లండ్ పోలీసులు తీసిన ఫొటోలు మెయిల్‌లో వచ్చాయి. ఝాన్సీ ఒక ఫొటోని జూమ్ చేసి చాలాసేపు చూసింది.

శనివారం సాయంత్రం బిందుని వెంటబెట్టుకొని షాహిదా ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో కుట్టుమిషను, ఓ పక్కన వంటసామాను. షాహిదా బిందు మొహం చూడలేదు. నమాజు వేళయిందని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఝాన్సీ తన ఫోన్ బిందు ముందు పెట్టింది.

"సగం కాలిన అలారం. దాని అంచున వేలాడేదేంది?"

బిందు ఫోన్ మీంచి చూపు తిప్పుకుంది.

"పాలిథిన్ అయితే కరిగి ముద్దవుతుంది. ఇది గుడ్డ. ఆకుపచ్చ మీద పసుపు పూలు. అంచుకి ఎలాస్టిక్, దాని మీద జంట కుట్టు. ఇప్పుడు అటు చూడు."

మిక్సీకి కవరు. పెరుగు గిన్నెకి మూత. రెండూ అదే గుడ్డ, అదే జంట కుట్టు.

బిందు చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అలారానికి తొడగడానికి నాజియానే, పెరుగు గిన్నెకని అబద్ధం చెప్పి కుట్టించుకుంది మేడం. ఆ రోజు తాలింపేసి, తియ్యడం మర్చిపోయింది. అలారం ఎందుకు మోగలేదే అని ఆంటీ నన్ను పట్టుకొని ఒకటే అడిగింది. ఏం చెప్పేది? నువ్వు కుట్టిన మూతే అడ్డం పడిందని చెప్పేదా?"

ఝాన్సీ సర్వీసులో ఎందరి అబద్ధాలో విప్పింది. ఈ ఒక్కదాన్ని విప్పినందుకు మాత్రం తన మీద తనకే కోపం వచ్చింది.

లోపల గడియ చప్పుడైంది. ఝాన్సీ ఫోన్ జేబులో వేసుకుంది.

"షాహిదమ్మా, బిందు ఏ కవరూ కట్టలేదు. అలారం మోగలేదు, అంతే. నాజియా పోయిన బాధలో తప్పంతా తన నెత్తినేసుకుంది."

"నిజమేనా మేడం?"

"నిజం. విచారించే చెబుతున్నాను."

షాహిదా వచ్చి బిందు పక్కన కూలబడింది.

"చానా మాటలన్నాను నిన్ను. మనసులో పెట్టుకోబాకమ్మా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. కాసేపటికి షాహిదా కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ పోతావా చదువుకి?"

"పోతాను ఆంటీ."

షాహిదా లేచి మిషను సొరుగు లాగింది. ఆకుపచ్చ మీద పసుపు పూల మూత. కొత్తది, దారం కొస ఇంకా తెంపలేదు.

"కొలత బాగా కుదిరింది, ఇంకోటి కుట్టమ్మీ అంది. పంపేలోపే నా బిడ్డ పోయింది. నువ్వు తీసుకుపో తల్లీ. గిన్నె మీద పెట్టుకో."

బిందు ఝాన్సీ వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి తీసుకుంది.