మధ్య ముక్క

చర్చి వెనక షెడ్డులో ఆర్లో బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. పక్కనే మంచు ఎత్తే పార.

నాలుగింటికి చర్చి గంట కొట్టింది అతనే. ఐదింటికి భోజనాలు మొదలయ్యాయి. అరగంటకి శవం కనబడింది.

బయట మంచు తుఫాను. మిన్నెసోటాలో మా వైపు తుఫాను పట్టిందంటే రోడ్డు సంగతి మర్చిపోవాల్సిందే. చర్చి కింది హాల్లో అందరం ఇరుక్కుపోయాం, హంతకుడితో సహా. పోలీసు డెప్యూటీ ఆస్ట్రిడ్ కూడా మాతోనే చిక్కుకుంది.

అందరి వేళ్ళూ లోయిస్ వైపే.

"పొద్దున ఆర్లోతో గొడవపడ్డావా?" ఆస్ట్రిడ్ అడిగింది.

"పడ్డాను మేడమ్. కిందటి చలికాలం మా ఆయన్ని గుద్ది పారిపోయిన ట్రక్కు ఎవరిదో ఆయనకి తెలుసు. చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డాను."

"నాలుగింటి నుంచి ఎక్కడున్నావ్?"

"పై గదిలో. ఒక్కదాన్నే ఏడుస్తూ కూర్చున్నా."

"చూసినవాళ్ళు?"

ఎవరూ లేరు. రోడ్డు తెరుచుకుంటే నేరుగా జైలుకే.

ఆ పూట వంట చూసిన వెర్లిన్ అడక్కుండానే అందుకున్నాడు. "నేనైతే మూడింటికే ఫ్రీజర్లోంచి హాట్‌డిష్ ట్రే తీసి ఓవెన్లో పెట్టాను. రెండు గంటలు అక్కణ్ణుంచి కదల్లేదు. పైన బంగాళాదుంపలు ఎంత ఎర్రగా వేగాయో చూడండి!"

హాట్‌డిష్ అంటే అడుగున మాంసం, బీన్స్, పైన బంగాళాదుంపలు పేర్చి ఓవెన్లో కాల్చే మా వైపు వంటకం. ట్రే బల్లమీదే ఉంది. అంచులన్నీ ఖాళీ, మధ్య ముక్క మాత్రం మిగిలింది. ఆఖరి ముక్కకి చెయ్యి చాచడం మాలో అమర్యాద. ఒకరి వంట బాలేదనడం ఇంకా ఘోరం. చావనైనా చస్తాం గానీ ఆ మాట అనం.

ఆస్ట్రిడ్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మా ఆడవాళ్ళ అలవాటు కొద్దీ చాకు తీసింది. నడిమధ్యన దించి, కాసేపుంచి, మణికట్టుకి ఆనిస్తే లోపలిదాకా కాగిందో లేదో తెలిసిపోతుంది.

చాకు దిగలేదు. టక్కుమంది.

పైపొర లేపింది. అడుగున మాంసం, బీన్స్ మంచుగడ్డలో బిగుసుకుని ఉన్నాయి.

"రెండు గంటలన్నారు కదా, వెర్లిన్ గారూ?"

"ఓవెన్ పాతదమ్మా..."

"పోయిన ఆదివారం ఇదే ఓవెన్లో మా అమ్మ పెట్టిన ట్రే నడుమదాకా పొగలు కక్కింది. ఇది ఓవెన్ పైమంట కింద ఇరవై నిమిషాలు వేగింది, అంతే. అంతకుముందు ఎక్కడున్నారు?"

వెర్లిన్ లోయిస్ వైపు తిరిగాడు.

"ఆ ట్రక్కు నాదే, లోయిస్. ఇవాళ నీకు చెప్పేస్తానన్నాడు ఆర్లో. బతిమాలాను. వినలేదు."

ఆస్ట్రిడ్ అతని చేతిని హీటర్ గొట్టానికి బేడీలతో బిగించింది. రోడ్డు మంచు తీసే బండి తెల్లారితే గానీ రాదు. అప్పటిదాకా అందరం ఒకే గదిలో.

లోయిస్ ట్రే మళ్ళీ ఓవెన్లో పెట్టి, దాని ముందే నిలబడింది. గంట తర్వాత చాకు మధ్యలో దించి మణికట్టుకి ఆనించుకుంది. చురుక్కుమంది.

ఆ మధ్య ముక్కని తన ప్లేటులో వేసుకుంది. వెర్లిన్ ఎదురుగా కుర్చీ లాక్కుని, అతని మొహంలోకే చూస్తూ తినసాగింది.

ఆఖరి ముక్క తీసుకోవడం అమర్యాదని ఎవరం అనలేదు.