కుర్చీకి అటు పక్క

కొత్తగా సున్నం వేయించిన గోడ మీద ఎవరో నీలం గీత గీస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. టైలరమ్మాయికి ఇంకాస్త ఎక్కువే మండింది.

"ఏమండీ గీతల మాస్టారూ, ఈ గోడ ఎవరిదనుకున్నారు? మీ అత్తగారిదా?"

"నాకింకా పెళ్ళి కాలేదండి," అన్నాడతను బ్రష్ దించకుండా. "వరద ఆఫీసు నుంచి వచ్చాను. ఈసారి ఏరు పొంగితే నీళ్ళు ఇంతవరకూ వస్తాయి."

ఆమె విసురుగా వెళ్ళి గీత పక్కన నిలబడింది. గీత సరిగ్గా ఆమె మెడ దగ్గరుంది. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. లోపల నాయనమ్మ మంచం మీద ఉంది. ఆవిడ లేచి నడిచి చాలా కాలమైంది. నిలబడ్డ మనిషికే మెడదాకా వస్తే, పడుకున్న మనిషి గతేమిటి?

"అయితే ఏం చెయ్యమంటారు?" అంది, గొంతులో పొగరు మాత్రం తగ్గకుండా.

"సరుకులు, బట్టలు, మీ కుట్టుమెషిన్ అటకెక్కించండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. నడవలేనివాళ్ళని ముందుగానే గట్టు మీది స్కూలుకి చేర్చాలి. నీళ్ళొచ్చాక మొయ్యడం ఎవరి వల్లా కాదు."

ఆ మాట విని, వడ్రంగం చేసే ఆమె తండ్రి ఉలి పట్టుకునే బయటికొచ్చాడు. ఆ వీధికి పాత పట్టింపు ఒకటుంది. ఏరు గడప తాకకముందే సామాను ఎత్తితే అది పిరికి ఇల్లు. ఆ ఇంటి పిల్లని ఎవరూ చేసుకోరు.

"ఇంట్లోంచి గరిటె కదిలినా ఊరుకోను," అన్నాడు తండ్రి. "ముందే ఎత్తిన ఇంటి పిల్లని ఎవడు చేసుకుంటాడే?"

"చేసుకోకపోతే పోనీ నాన్నా. నాయనమ్మని ముంచి తెచ్చుకునే మొగుడు నాకెందుకు?"

మర్నాడు ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఏరు చూస్తే నిద్రపోతున్నట్టుంది. గీతల మాస్టారు మాత్రం సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. ఎగువన కుండపోతట, రేపటికల్లా నీళ్ళు ఇక్కడికి చేరతాయట. వీధి వీధంతా నవ్వింది. టైలరమ్మాయి నవ్వలేదు. అప్పటికే అటకెక్కించిన మెషిన్ వంక ఒకసారి చూసి, నాయనమ్మని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి వెనక వైపు తను పట్టుకుంది.

"అటు పక్క ఎవరు పడతారు?" అంది. అతను సైకిల్ గోడకి చేరేసి ముందు వైపు పట్టుకున్నాడు.

తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోరా," అంది నాయనమ్మ. "నీ పరువు నీ దగ్గరుంచుకో. నా ప్రాణం నాకు కావాలి."

తల్లి మాట తోసెయ్యలేక తండ్రి మొహం ముడుచుకుని పక్కకి జరిగాడు.

ఎండలో, వీధి మధ్యలోంచి, కుర్చీ ఊగుతూ బయల్దేరింది.

"కాస్త పైకెత్తండి మాస్టారూ, నాయనమ్మ మీ వైపు జారిపోతోంది."

"మీరే మరీ ఎత్తుతున్నారు. కోపమంతా కుర్చీ మీద చూపిస్తే ఎలాగండీ?"

"మరి ఎవరి మీద చూపించమంటారు?"

"నా మీద చూపించండి, అలవాటైపోయింది."

మంగలి షాపు ముందు నవ్వులు మొదలయ్యాయి. "ఏమ్మా, ఊరేగింపా?" అన్నాడు మంగలి బాబాయి.

ఆమె ఆగింది. చేతులు లాగేస్తున్నా కుర్చీ దించలేదు.

"అవును బాబాయ్. ఏరు రాకముందే ఎత్తేశాం. అందరూ బాగా చూసుకోండి. మీ అబ్బాయికి నన్ను అడగాలనే ఆలోచనుంటే ఇప్పుడే మానుకో."

నవ్వులు ఆగలేదు. ఆమె తల కూడా వంగలేదు. గట్టెక్కి, స్కూలు వరండాలో కుర్చీ దించాక కూడా ఆమె దాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.

"భయమేసిందా?" అన్నాడతను మెల్లగా.

"వేసింది. వాళ్ళకి తెలిసిందా?"

"లేదు. నేనొక్కణ్ణే చూశాను."

"మీరూ చూడకండి."

"అది నా వల్ల కాదండి," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, దాచుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఏరు వీధిలోకొచ్చింది. గడప తాకిన నీళ్ళు సామాను ఎత్తేంత వ్యవధి ఎవరికీ ఇవ్వలేదు. పిల్లల్ని భుజాల మీద మోస్తూ జనం కట్టుబట్టలతో స్కూలుకి పరుగెత్తుకొచ్చారు. నిన్న నవ్వినవాళ్ళకి టైలరమ్మాయే పొడి దుప్పట్లు పంచింది. మంగలి బాబాయి తలెత్తకుండా దుప్పటి అందుకున్నాడు.

అందరికన్నా చివర తండ్రి వచ్చాడు, పనిముట్ల మూట నెత్తిన పెట్టుకుని, నిలువెల్లా తడిసి. మూట దించి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నీ మంచం తేలిపోయిందే అమ్మా," అన్నాడు. "నా కళ్ళ ముందే గోడకి కొట్టుకుని తిరగబడింది. దాని మీద నువ్వుంటే..." అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాయనమ్మ కొంగుతో కొడుకు తల తుడిచింది.

టైలరమ్మాయి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, ముందే ఎత్తిన ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారన్నావు కదా. వీధంతా ఇక్కడే ఉంది, అందరూ వినేలా అడుగు. కుర్చీకి అటు పక్క పట్టుకున్నాయన్ని అడుగు. నువ్వు అడక్కపోతే నేనే అడుగుతాను."

గీతల మాస్టారి చేతిలో దుప్పట్లు జారి కిందపడ్డాయి. "అడగక్కర్లేదండి," అన్నాడు తండ్రితో. "చేసుకుంటాను."

తండ్రి కళ్ళు తుడుచుకుని తల్లి వైపు చూశాడు. "ఏమంటావమ్మా?"

"ఇప్పుడా అడగడం?" అంది నాయనమ్మ. "దారి పొడుగునా వాళ్ళ మాటలన్నీ నా నెత్తి మీదుగానే పోయాయి. పెళ్ళికి కూడా నన్ను ఈ కుర్చీలోనే మొయ్యాలి. అదీ ఆ వీధిలోంచే."