గోబీ ఇసుకలో ఏజెంట్ దుల్గూన్

"పదకొండు పేర్లు," అన్నాడు కల్నల్ ల్హామ్‌సురెన్. "సరిహద్దు అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లవి. మైక్రోఫిల్మ్‌కు ఎక్కాయి. గోబీ బైక్ యాత్రలో ఎవరో దాన్ని దేశం దాటించబోతున్నారు. దాటితే పదకొండు మందీ చచ్చినట్టే. ఆ యాత్రలో నువ్వూ వెళ్తున్నావ్."

"నాకు బైక్ రాదు సార్."

"యాత్రకు ఇంకా తొమ్మిది రోజులుంది. యాత్ర శిబిరంలో యాదమ్ అనే ముసలాయన నేర్పుతాడు. ఎనెరెల్ అనే మన మనిషి అక్కడే ఉంటుంది. ఇంకోటి, ఆ పదకొండులో ఒకటి యాదమ్ కూతురి పేరు. ఆయనకు తెలియదు. తెలియకూడదు."

యాదమ్ నేర్పడం కంటే తిట్టడమే ఎక్కువ. "చక్రం కేసి చూస్తావేంరా, పట్నం సన్నాసీ! దూరం చూడు! లేచి నిలబడు! ఇసుకలో బ్రేకు పట్టావో, ఇక్కడే పాతేస్తా!" దుల్గూన్ పడ్డ ప్రతిసారీ ఆ క్వింటాలున్నర బండిని ఒక్కడే లేపుకోవాలి. ముసలాడు ఉప్పు టీ చప్పరిస్తూ చూసేవాడు. వీడి కూతురి కోసమా నేను నడుం విరగ్గొట్టుకుంటున్నదని దుల్గూన్‌కు ఒళ్లు మండిపోయేది.

ఎనెరెల్ మాత్రం అందగత్తె. ఎర్రటి లిప్‌స్టిక్ చెరగనిచ్చేది కాదు. "మా నాన్నకు ఉవ్స్ జిల్లాలో రెండొందల గుర్రాలు. జీను మీదే పెరిగాను," అనేది. "ఫిల్మ్ యాత్రకొచ్చిన ఆ గడ్డం జర్మన్ దగ్గరుంది. సరిహద్దులో పట్టుకుందాం," అని గుసగుసగా చెప్పింది. దుల్గూన్ నమ్మాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. గుర్రాలను పట్టే ఉర్గా కర్ర యాదమ్ గుడారం ముందు నేల మీద ఉంది. ఎనెరెల్ హెల్మెట్ ఊపుకుంటూ వచ్చి, కాలెత్తి దాన్ని దాటేసింది.

"ఛీ! ఉర్గా దాటుతావా? నీ అమ్మా అయ్యా ఏం నేర్పారే?" యాదమ్ గావుకేక పెట్టాడు.

దుల్గూన్ గతుక్కుమన్నాడు. గుర్రాలున్న ఇంట్లో బుడిబుడి అడుగుల పిల్ల కూడా ఉర్గా చుట్టూ తిరిగి పోతుంది తప్ప దాటదు. ఈమె కాపరి కూతురు కాదు. ఈమె చెప్పిందేదీ నిజం కాదు! జర్మన్ మాటా అబద్ధమే, ఫిల్మ్ ఈమె దగ్గరే ఉండాలి. అతని మొహం చూసి ఎనెరెల్‌కూ అర్థమైంది. ఒక్క దూకులో బండెక్కింది.

దుల్గూన్ తన బండి మీద వెంటపడ్డాడు. దిబ్బ అవతల జీప్ ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది. అది ఎక్కిందంటే పదకొండు ప్రాణాలు గాలిలో కలిసినట్టే. ఆమె జీప్ పక్కన ఆగింది. అతను ఆగలేదు. అదే ఊపులో ఆమె బండిని గుద్దేశాడు.

ఇద్దరూ ఇసుకలో దొర్లారు. ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని కంటికి గురిపెట్టింది. చెయ్యి విరిచాడు. గొట్టంలోంచి తూటా పేలి చెవి పక్కనుంచి పోయింది. జీప్ తోక ముడిచి పారిపోయింది. గొట్టం అడుగున ఉంది ఫిల్మ్. ఇంత దుమ్ములో లిప్‌స్టిక్ ఎందుకని తొమ్మిది రోజులూ తనకు తోచనందుకు దుల్గూన్ సిగ్గుపడ్డాడు.

ఆమెను బెల్టుతో కట్టేసరికి యాదమ్ రొప్పుతూ వచ్చి, బండి చూసి నెత్తి బాదుకున్నాడు.

"ముందు చక్రం ఫోర్కు వంచేశావ్ కదరా దరిద్రుడా! ఇది నా కూతురి బండి! రేపు అది వస్తే ఏం చెప్పను? రెండేళ్లయింది, ఉత్తరం ముక్క లేదు. ఎక్కడుందో, ఏం తింటోందో!"

మాట దుల్గూన్ నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"క్షేమంగా వస్తుంది మాస్టారూ. ఈలోగా బాగుచేయిస్తాను."

"దాని సంగతి నీకేం తెలుసురా!" అని యాదమ్ అతని వీపు మీద ఒక్కటిచ్చుకున్నాడు. ఆ ఆపరేషన్‌లో దుల్గూన్‌కు తగిలిన దెబ్బల్లో రిపోర్టుకెక్కనిది అదొక్కటే.