పన్నెండు మూలల రాయి

వరుస కదిలీ కదలనట్టు కదులుతోంది. ప్రణతి మడమలెత్తి ముందుకు చూసింది. ఇంకొంచెం దూరంలోనే కుస్కో నగరం.

అసలు కుస్కో దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు కొండల మీద ఉంది. ఈ కుస్కో మాత్రం కోల్‌కతాలో, భవానీపూర్‌లోని ఒక సందులో ఉంది. దుర్గాపూజకు ఇక్కడ పండాళ్లు, అంటే అమ్మవారి పందిళ్లు, అల్లాటప్పాగా కట్టరు. వెదురు, గుడ్డ, థర్మోకోల్, రంగులతో ఏకంగా ఊళ్లకు ఊళ్లే లేపుతారు. ఈ ఏడు ఈ సందు క్లబ్బువాళ్లు కుస్కోను దింపారు. సాయంత్రం జడ్జీలు వస్తారు, బాగున్న పండాల్‌కు బహుమతి ఇస్తారు.

ప్రణతికి అందులో ముందుగా ఒక రాయిని చూడాలని పట్టుదల. కుస్కోలో పాత గోడ ఒకటుందట. ఆ గోడలో ఒక రాయికి పన్నెండు మూలలట. సున్నం, మట్టి ఏమీ లేకుండానే రాయికి రాయి కూర్చారట. మధ్యలో బ్లేడు కూడా దూరదట. స్కూల్లో టీచర్ ఈ మాట చెప్పినా ప్రణతి నమ్మలేదు. ఊరికే నమ్మే రకం కాదు. పాలు వేడిగా ఉన్నాయని అమ్మ చెప్పినా వేలు ముంచి చూస్తుంది.

అందుకే ఈ నగరంలోనే ఏక్‌బాల్‌పూర్‌లో ఉన్న తమ ఇంటి నుంచి నానమ్మ అన్నపూర్ణమ్మనూ, తమ్ముడు యోగేశ్‌నూ మధ్యాహ్నమే బయల్దేరదీసింది. నానమ్మ ఆ రోజు షష్ఠి ఉపవాసం. పిల్లలు చల్లగా ఉండాలని ఇక్కడి తల్లులు చేస్తుంటే చూసి తనూ మొదలుపెట్టింది. అమ్మవారిని చూశాకే తింటుంది.

లోపలికి అడుగుపెట్టగానే ఆ గోడ కనిపించింది. దాని ముందు తాడు, దాటవద్దని బోర్డు. నానమ్మ, యోగేశ్ ముందుకు వెళ్లగానే ప్రణతి తాడు కింద నుంచి దూరింది. జడలోంచి స్లైడు తీసి పన్నెండు మూలల రాయికీ పక్క రాయికీ మధ్య పెట్టింది. సులువుగా దూరిపోయింది.

తన మాటే నెగ్గిందనుకుంటూ వెనక్కి లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. స్లైడుతో పాటు రాయి మూల ఒకటి ఊడి చేతికొచ్చింది. లోపల ఇడ్లీలా తెల్లటి థర్మోకోల్ బయటపడింది.

ప్రణతి అటూ ఇటూ చూసింది. ముక్కను గౌను జేబులో దాచేసింది. తాడు ఇవతలికి వచ్చి, విరిగిన మూల కనబడకుండా వీపు అడ్డం పెట్టి నిలబడింది. ఫొటో తీసుకుంటాం జరగమని ఒకరు అడిగారు, ఇంకొకరు అడిగారు. కదిలితే ఒట్టు.

యోగేశ్ పరుగెత్తుకొచ్చాడు. ఇరుకిరుకు మెట్ల వీధులున్నాయని, నీలం రంగు బాల్కనీలున్నాయని, అమ్మవారి వెనక పెద్ద బంగారు సూర్యుడున్నాడని చెప్పి మళ్లీ పరుగెత్తాడు. ఇన్ని చూద్దామని వచ్చిన ప్రణతికి ఎదురుగా జనం తప్ప ఏమీ కనబడలేదు. ఏడుపొచ్చింది.

నానమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఏటే, అలా గోడకి అతుక్కుపోనావు?"

కాలు నొప్పి అనేసింది ప్రణతి. నోటికొచ్చిన మొదటి అబద్ధం అదే.

నానమ్మ గబుక్కున కింద కూర్చుంది. ప్రణతి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని రుద్దసాగింది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదు.

"ఇంటికెలిపోదాం పద. అమ్మోరిని మరోపాలి సూద్దును."

ప్రణతి ఇంక తట్టుకోలేకపోయింది.

"నాకు కాల్నొప్పేటీ లేదు నానమ్మా." జేబులోంచి ముక్క తీసి చూపించింది. జరిగిందంతా చెప్పింది.

నానమ్మ ముక్కను తిప్పి చూసింది. తిట్టలేదు. "నాకు చెప్పి ఏటి లాభం? కట్టినోలకి చెప్పు," అంది.

క్లబ్బు కుర్రాళ్లలో అభిజిత్ దాదా పెద్ద; దాదా అంటే బెంగాలీలో అన్న. ప్రణతి వెళ్లి ముక్క అతని చేతిలో పెట్టింది. అతని ముఖం వాడిపోయింది. ఎప్పుడు విరిగిందని అడిగాడు. వచ్చీరాగానే అని చెప్పింది. అప్పుడే చెప్పి ఉంటే ఈపాటికి జిగురు ఆరిపోయేది అన్నాడు అతను. ఆ మాట ప్రణతికి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

అభిజిత్ ముక్కను అతికించి రంగు పూశాడు. ఆరేదాకా ఎవరూ తాకకూడదు. క్లబ్బు వాళ్లంతా గేటు దగ్గర జనాన్ని ఆపుతున్నారు. నేను కాపలా ఉంటానంది ప్రణతి. నానమ్మను మాత్రం అమ్మవారి దగ్గరికి పంపించింది.

మళ్లీ అదే గోడ, అదే చోటు. తాకబోయిన వాళ్లందరికీ ప్రణతి అడ్డుపడింది. పెద్దవాళ్లు విసుక్కున్నా తగ్గలేదు.

దీపాలు వెలిగే వేళకు జడ్జీలు వచ్చారు. రంగు ఇంకా ఆరలేదు. అతికిన చోట గీత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ప్రణతి అలాగే నిలబడితే అది ఎవరి కంటా పడదు. ఆ సంగతి ప్రణతికీ తెలుసు, అభిజిత్‌కీ తెలుసు.

కళ్లద్దాల జడ్జి ఒకావిడ ఆగి, ఈ రాయికి నిజంగా పన్నెండు మూలలున్నాయా అని అడిగింది.

ప్రణతి బెంగాలీలో గట్టిగానే చెప్పింది.

"ఉన్నాయి. ఒకటి నేను విరగ్గొట్టాను. దాదా అతికించాడు. తాకకండి, ఇంకా తడిగా ఉంది."

చెప్పి, వాళ్లకు బాగా కనబడేలా పక్కకు జరిగింది.