మంత్రిగారు చెప్పిన పేరు

హోం మంత్రి వెంకటగిరియప్ప శాసనసభలో జవాబు చెప్పి కూర్చున్న నలభై ఎనిమిది గంటలకు మహబూబ్ బాషా చనిపోయాడు.

మంత్రిగారు అన్నది ఒక్క వాక్యమే. "హొసకోటె గోడౌన్‌లో పేలుడు పదార్థాలు దొరికాయంటే, పీణ్యలో లేత్ మీద పనిచేసే ఒక సామాన్య కార్మికుడు మన పోలీసులకి చెప్పబట్టే!" సభ్యులు బల్లలు చరిచారు. మర్నాడు పేపర్లలో వచ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం, షిఫ్టు మారే వేళ, లేత్ పక్కన బాషా పడి ఉన్నాడు. మెడలో ఒకే ఒక్క బుల్లెట్.

అతను కార్మికుడు కాదు. సెక్షన్ నైన్ అనే రహస్య నిఘా విభాగం ఏజెంట్. ఆరేళ్లుగా అమరనాథ్‌కి పార్ట్‌నర్.

రెండు నెలల తర్వాత, అంటే తొంభై ఎనిమిది జూలైలో, చీఫ్ గురుమూర్తి అమరనాథ్‌ని పిలిపించాడు. కంటోన్మెంట్‌లో ఒక టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఆయన ఆఫీసు. కింద ముప్పై మిషన్లు టకటకలాడుతుంటే పైన మాట్లాడేది పక్క గదికి కూడా వినబడదు.

"ఎరిక్ వోస్." చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "మెషీన్ టూల్స్ వ్యాపారి. నాలుగు పాస్‌పోర్టులు. పేలుడు పదార్థాలు చేరవేసే విదేశీ రింగ్‌కి ఇక్కడి హెడ్. బాషాని కాల్చింది ఇతనే."

"ప్రూఫ్?"

"గోడౌన్‌లో ఇతని ముఖం చూసిన మనిషి ఒక్కరే. సొన్నమ్మ. ఎదురుగా ఇడ్లీ హోటల్ నడుపుతుంది. సాక్షి ఉన్నట్టు వోస్‌కి తెలుసు. ఎవరో తెలీదు."

"తెలుసుకునే దారి?"

"పాతదే. రేపు సభలో ఏడో ప్రశ్న. ప్రజాభద్రత, సాక్షుల రక్షణ. పదిహేను రోజుల ముందే రాతపూర్వకంగా నోటీసు ఇప్పించి, మధ్యవర్తుల ద్వారా వేయించాడు. అడిగే సభ్యుడికి కూడా లోగుట్టు తెలీదు. వోస్ విజిటర్స్ గ్యాలరీలో కూర్చుని వింటాడు."

"మంత్రి పేరు చెప్పేస్తాడంటారా?"

"బల్లలు చరిస్తే ఆయన తన లాకర్ నంబరైనా చెప్పేస్తాడు."

చీఫ్ ఒక నల్ల పెన్ను ఇచ్చాడు. క్యాప్ తీస్తే సూది. ఒక్కటే డోస్ విషం. "ప్రాణం మీదికొస్తేనే వాడాలి. నాకు వోస్ ప్రాణాలతో కావాలి. మంత్రి పేషీలో మన మనిషి ఉంది. 'హెబ్బాళలో వాన పడిందా?' అంటుంది. 'గొడుగు మర్చిపోయాను' అనాలి."

అమరనాథ్ తలూపాడు. అతని మనసులో ఆ సూది అప్పుడే వోస్ మెడలో దిగిపోయింది.

సాయంత్రం అతను హొసకోటె వెళ్లాడు. మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్లు హోటల్ ముందు బీడీలు కాలుస్తున్నారు. సొన్నమ్మ అరిటాకులో నాలుగిడ్లీలు పెట్టింది.

"ఆ బాషా యాడికి పోయినాడప్పా? రెండు నెలలాయ, కండ్లబడి."

"ట్రాన్స్‌ఫర్ అయినాడమ్మా."

"ఒక మాట చెప్పకనే పోతాడా! నా చట్నీ అంటే ప్రాణం వానికి. పోయిన చోట తిండి బాగుండాదంటనా?"

అతను ఆకు పక్కకి జరిపాడు. "ఊరు వదిలి నాలుగు రోజులు ఎక్కడైనా ఉండమ్మా," అన్నాడు.

"నేను పోతే పొయ్యి ఎవురు ముట్టిస్తారు? నేను చూసినాను, చెప్పినాను. దాంట్లో దాక్కోవాల్సింది ఏముండాది?"

మర్నాడు పదిన్నరకి శాసనసభ నడిచే విధానసౌధ కారిడార్లో తెల్ల యూనిఫాం, ఎర్ర నడికట్టు, తలపాగాతో ఒక అటెండర్ నిలబడి ఉన్నాడు. అతికించిన మీసం కింద అమరనాథ్‌కి చెమట పడుతోంది.

మంత్రిగారి పర్సనల్ సెక్రటరీ హరిణి ఎదురొచ్చింది. బూడిద రంగు పట్టు చీర, ఆమె కంటే రెండడుగులు ముందు నడిచే సెంటు. ఆమె వోస్ కారులోంచి దిగుతున్న ఫోటోలు సెక్షన్ ఫైల్లో రెండున్నాయి. బాషా గురించి మంత్రికి ఆ వాక్యం రాసిచ్చింది ఈమే అయి ఉంటుందని అమరనాథ్ నమ్మకం. ఆమెని స్తంభం వెనక్కి నెట్టి పెన్ను క్యాప్ తీశాడు.

"అరిస్తే గుచ్చుతాను."

ఆమె కళ్లు పెన్ను మీంచి అతని ముఖం మీదికి లేచాయి. "హెబ్బాళలో వాన పడిందా?"

అతని చెయ్యి ఆగిపోయింది. క్యాప్ తిరిగి పెట్టాడు. "గొడుగు... మర్చిపోయాను."

"నాలుగు నెలల్నుంచీ వోస్ దగ్గర అతని మనిషిగా ఉన్నాను. చీఫ్ పంపితేనే." ఆమె గొంతు తగ్గింది. "బాషా సంగతి మంత్రిగారు సొంతంగా వాగారు. నేను ఆపలేకపోయాను. ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదు."

"ఈ రోజు కాగితం?"

"సొన్నమ్మ పేరున్న పేజీ నిన్ననే చింపేశాను. కానీ పొద్దున ఆయనే ఎవరికో ఫోన్ చేసి పేరు కనుక్కుని సొంత చేత్తో రాసుకున్నారు. ఫైలు చంకలోంచి దించడం లేదు."

గంట మోగింది. ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి.

అధికారుల గ్యాలరీ మంత్రుల బెంచీలకి దగ్గరే. మంత్రికి ఏదైనా చెప్పాలంటే అక్కడి నుంచి చీటీ రాసి అటెండర్ చేత పంపుతారు. హరిణి అక్కడ కూర్చుంది. అమరనాథ్ ఆమె పక్కన నిలబడ్డాడు. పైన విజిటర్స్ గ్యాలరీలో క్రీమ్ కలర్ సూట్‌లో వోస్. అతని పక్కన సఫారీ సూట్ వేసుకున్న ఒక బట్టతల మనిషి.

"వాడు రింగ్ పంపిన తుపాకీ," అంది హరిణి పెదవులు కదపకుండా. "వోస్‌కి తోడు. అవసరమైతే వోస్ మీదికి కూడా."

ఏడో ప్రశ్న వచ్చింది. మంత్రి కొత్త జీపుల సంఖ్య, బీటు కానిస్టేబుళ్ల సంఖ్య చదివాడు. ప్రతిపక్ష సభ్యుడు లేచాడు.

"అనుబంధ ప్రశ్న, అధ్యక్షా! పీణ్యలో ఒక మనిషిని కాపాడలేకపోయారు. ఇంకో సాక్షిని కాపాడతారా? అసలు సాక్షి ఉన్నారా, కట్టుకథా?"

"కట్టుకథా?" వెంకటగిరియప్ప ముఖం ఎర్రబడింది. "పేరు నా దగ్గరుంది!"

"అయితే చెప్పండి!"

రెండు వైపులా బల్లలు మోగాయి. వోస్ రెయిలింగ్ మీదికి వంగాడు. అతని పెదవుల మీద చిన్న నవ్వు.

ఆ నవ్వు చూశాక అమరనాథ్ కాలు మెట్ల వైపు కదిలింది. పైకెళ్లి సూది దించితే ఒక్క నిమిషం పని. కానీ ఆ నిమిషంలో సొన్నమ్మ పేరు మైకులోంచి వచ్చేస్తుంది. మంత్రి ఫైలు తెరుస్తున్నాడు. ఒక్క వాక్యంతో బాషాని చంపిన నోరు అది. ఆ నోటితోనే...

చీటీల పుస్తకం లాక్కున్నాడు. సూది పెన్ను రాయదు కదా! హరిణి చేతిలో పెన్ను గుంజుకుని నాలుగు ముక్కలు బరికాడు. ఆమె చదివి, కింద తన సంతకం పెట్టింది.

పరుగెత్తితే మార్షల్స్ ఆపుతారు. నడిచాడు. అంత పొడవైన పన్నెండడుగులు అతను జీవితంలో నడవలేదు.

"ఆ సాక్షి పేరు, అధ్యక్షా, సొ—"

చీటీ మంత్రి ముక్కు కిందికి వచ్చింది. 'సర్, ఫైల్లో పేరు తప్పు. సాక్షి ఎరిక్ వోస్, పారిశ్రామికవేత్త. గ్యాలరీలోనే ఉన్నారు. సభకి పరిచయం చేస్తే రేపు ఫ్రంట్ పేజీలో మీ ఫోటో.'

మంత్రి ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ముఖం వికసించింది.

"సొ... సొంత కంపెనీ నడుపుకుంటూ, మన దేశం కోసం ప్రాణాలకి తెగించిన శ్రీ ఎరిక్ వోస్! ముఠా గుట్టంతా మన పోలీసులకి చెప్పింది వారే. అదిగో, పైన కూర్చున్నారు!"

సభంతా తల ఎత్తి చూసింది. బల్లలు దద్దరిల్లాయి. వోస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఈ మంత్రి నోరు జారితే వచ్చేది నిజమేనని రింగ్‌లో పైవాళ్లకి రిపోర్టు పంపింది తనే మరి. పక్కనున్న సఫారీ మనిషి నెమ్మదిగా లేచాడు. వోస్‌ని ఒకసారి తేరిపార చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గేటు దాటకముందే సెక్షన్ నైన్ వాణ్ణి పట్టుకుంది. ఆ సంగతి వోస్‌కి ఎవరూ చెప్పలేదు.

రెండు నిమిషాల్లో వోస్ కారిడార్లోకి ఉరికి, కనిపించిన మొదటి యూనిఫాం చెయ్యి పట్టుకున్నాడు. "పోలీస్! పోలీస్‌ని పిలువు! నన్ను అరెస్ట్ చేయమను!"

అటెండర్ తలపాగా తీశాడు. మీసం పీకాడు. "పీణ్య. మహబూబ్ బాషా. ఎవరు కాల్చారు?"

"నేనే! రాసిస్తాను. మనుషులు, గోడౌన్లు, అన్నీ చెబుతాను. వాడు బయటే ఉంటాడు. నన్ను చంపేస్తాడు!"

అమరనాథ్ వేలు జేబులో పెన్ను క్యాప్‌ని తడిమింది. బాషా ఒక్క క్షణంలో పోయాడు. వీడు తలుపు చప్పుడైనప్పుడల్లా చావాలి. ఏళ్ల తరబడి చావాలి. క్యాప్ తియ్యకుండానే చెయ్యి బయటికి తీసి బేడీలు వేశాడు.

"నా సేఫ్టీకి గ్యారంటీ ఏమిటి?" వోస్ మెట్ల వైపు చూస్తూ అడిగాడు.

"ప్రజాభద్రత నా సబ్జెక్టు కాదు," అన్నాడు అమరనాథ్. "హోం మంత్రిగారిని అడగాలి. పదిహేను రోజుల ముందు, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి."