తుప్పు తిన్న గాలి

"రేడియేషన్ చిమ్మే ఆ కోబాల్ట్ పెట్టె ఫ్యాక్టరీ గేటు దాటిందో, కైరోలో సమాధులకి చోటు చాలదు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ షౌకత్ బే, ఏజెంట్ వగ్దీతో. "మన సుహైర్ డబుల్ ఏజెంట్ అని కబురు. పెట్టె ఆ విదేశీ ముఠా చేతికిస్తే కాల్చెయ్."

ఛీ, ఏం ఉద్యోగం ఇది! సుహైర్‌కి పిస్టల్ పట్టుకోవడం నేర్పింది వగ్దీయే.

మర్నాటి మధ్యాహ్నం, నైలు ఒడ్డున మూతబడ్డ ఆ ఉక్కు ఫ్యాక్టరీలో వగ్దీ కాపలా ముసలాడి వేషం కట్టాడు. తెల్లగడ్డం, మాసిన అంగీ, టీ కెటిల్ వెనక సైలెన్సర్ పిస్టల్. కొలిమి నిండా గబ్బిలాల రెట్ట, కుక్కల కంపు. రాగి తీగల కోసం దొంగలు గోడల్ని చీల్చి, పేగులు లాగినట్టు లాగేశారు. వేలమంది చెమటోడ్చిన చోటు ఇలా తగలడిందే!

బ్రూనో వచ్చాడు. విదేశీ ముఠా నాయకుడు, శిథిలాల ఫొటోలు తీసే కళాకారుడి వేషం. పక్కన ఎర్ర స్కార్ఫ్‌తో, నల్లకళ్లద్దాలతో గైడు సుహైర్.

"ఆహా, ఎంత అందం!" అన్నాడు బ్రూనో.

కొలిమి మంటల్లో కార్మికులు కాలిపోయిన చోట అందమట! వీడి మొహం మండ!

"టీ తాగుతారా దొరగారూ?"

"నువ్వే తాగు, ముసలోడా."

బ్రూనో కెమెరాలో దాచిన రేడియేషన్ మీటర్ ఓ పెద్ద ఇనుప ట్యాంకు దగ్గర కిరకిరలాడింది.

"ఇదే," అంది సుహైర్. "ఫ్యాక్టరీ మూసిననాడు పెట్టెని ఇందులో పెట్టి మూత బిగించేశారు. ఇన్నేళ్లూ ఎవరూ తెరవలేదు."

అయితే కబురు నిజమే! వగ్దీ చాటుగా పిస్టల్ అందుకున్నాడు.

బ్రూనో మూత ఊడదీశాడు. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస సుహైర్ చేతికిచ్చి దిగాడు. వగ్దీ ఆమె వీపుకి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది.

లోపల దబ్బుమని చప్పుడు. ఆపైన మీటర్ కిరకిర తప్ప ఏమీ లేదు.

సుహైర్ తాడు కొసని నేల మీద వదిలేసింది.

"పిస్టల్ దించండి ఉస్తాద్," అంది వెనక్కి తిరగకుండానే. "మూసిన ట్యాంకులో గాలిలోని ప్రాణవాయువునంతా తుప్పే తినేస్తుంది. మూత తీసి ఒక రోజంతా గాలాడనిస్తే గానీ ఇక్కడి కార్మికులెవరూ దిగరు. ఇక్కడే పనిచేసిన మా నాన్న ఒక్కసారి తొందరపడ్డాడు, అంతే."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే మీ మొహం చూసి, నేను వాళ్ల మనిషిని కానని వాడు పసిగట్టేసేవాడు."

"సరే, తాడు పట్టు."

"చావనీ, వెధవని!"

"నాకూ అదే కోరిక. కానీ వీడి వెనకున్నవాళ్ల పేర్లు కావాలి. పట్టమన్నానా!"

అరచేతులు చీరుకుపోతుండగా ఇద్దరూ లాగారు. నీలంగా మారిన బ్రూనో బయటపడి, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, వగ్దీ బూట్ల మీదే భళ్లున కక్కాడు.

వగ్దీ అసహ్యంగా కాలు విదిలించి, అతని చేతులకి బేడీలు వేశాడు.

"లోపల కూడా అందంగానే ఉందా, దొరగారూ?"